మామగారు చదవలేకపోయిన నాలుగు పంక్తులు

మా మామగారు పోయారు. పోయిన నెల ఒక బుధవారం పొద్దున, రేపల్లె నుంచి తెనాలి వచ్చే మొదటి బండిలో ఆయన పక్కింటాయన వచ్చి ఆ సంగతి చెప్పాడు. చెప్పాడనడం కూడా సరికాదు. గుమ్మంలో నిలబడి "అమ్మాయ్, బయల్దేరండి" అన్నాడు, అంతే. నేను గారెలకి పప్పు రుబ్బుతున్నాను. పిండి చేతులతో అలాగే లేచి "ఎప్పుడండీ?" అన్నాను.

"తెల్లవారుజామునండి. నిద్రలోనే. ఏం ఇబ్బంది పడలేదు," అన్నాడాయన.

పోయినవాళ్ళు ఇబ్బంది పడలేదని చెప్పుకోవడం మనకి అలవాటు. మా మామగారు ఇబ్బంది పడ్డారు. పన్నెండేళ్ళు పడ్డారు. దానికి కారణం నేను. ఆయన్ని తలుచుకుని నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను గానీ, ఇందులో సగం నా తప్పు ఒప్పుకోవడమే అవుతుంది. చదివేవాళ్ళు కోప్పడితే కోప్పడండి, నాకు ఆ మాత్రం కావాలి కూడా.

ఆయన రేపల్లెలో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. శాసనాలు చదవడం ఆయనకి ఎవరూ నేర్పలేదు. ఎక్కడెక్కడి పుస్తకాలో తెప్పించుకుని, పాత అక్షరాలు పలక మీద దిద్దుకుని, నలభయ్యో ఏట మళ్ళీ ఓనమాలు నేర్చుకున్నారు. బడిలో పిల్లలు వెనకాల నవ్వేవారట. "నవ్వనీ అమ్మాయ్, నేను వాళ్ళకంటే రెండు తరగతులు కింద ఉన్నాను కదా," అనేవారు.

నాకు పెళ్ళయింది అరవై నాలుగు వేసవిలో. తెనాలి పిల్లకి నోరెక్కువ ఉంటుందని అత్తగారి వైపువాళ్ళు ముందే అనుకున్నారట. వాళ్ళ మాట నేను వమ్ము చేయలేదు. ఏటా వేసవి సెలవుల్లో బాపట్లలో మా అత్తగారి అన్నగారింట్లో పదిహేను రోజులు దిగడం వాళ్ళకి ఆనవాయితీ. సముద్రం చూపిస్తారని నేను ఎగిరి గంతేశాను. తెనాలిలో కాలవలు తప్ప నేనేం చూశాను గనక! దిగిన మర్నాడు పొద్దున్నే "పద అమ్మాయ్, సముద్రానికి" అన్నారు మామగారు. పులిహోర మూట కట్టుకుని బయల్దేరాం. దారిలో భావనారాయణస్వామి గుడి వచ్చింది. "ఒక్క అయిదు నిమిషాలు" అని ఆయన లోపలికెళ్ళారు. మధ్యాహ్నం రెండయింది. ఆయన స్తంభం చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నట్టు తిరుగుతూ, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుకుంటున్నారు. మా ఆయన మండపంలో కునుకు తీస్తున్నారు. నేను మొహం ముడుచుకుని కూర్చున్నాను. మా అత్తగారు కొంగుతో విసురుకుంటూ పులిహోర మూట విప్పి నా ముందు పెట్టింది.

"తిను. సముద్రం ఎక్కడికీ పోదమ్మా. ఈయనే పోతారు, రాళ్ళ వెంట."

ఆ పదిహేను రోజుల్లో నేను సముద్రం చూసింది ఒక్క సాయంత్రం. మిగతా రోజులన్నీ రాళ్ళే. చేబ్రోలు గుళ్ళు, పొలం గట్టున పడున్న విరిగిన నందులు, ఎవరి పెరట్లోనో రుబ్బురోలు కింద పెట్టిన పలకలు. పరాయి ఇంటికి వెళ్ళి "అమ్మా, మీ రోలు కొంచెం పక్కకి జరుపుతారా?" అని అడిగే మనిషిని నేను అప్పుడే చూశాను. ఆశ్చర్యం ఏంటంటే, వాళ్ళు జరిపేవాళ్ళు. మజ్జిగ కూడా ఇచ్చేవాళ్ళు.

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే బండిలో భట్టిప్రోలు దగ్గర పడేసరికి ఆయన కిటికీ వైపు వంగి కూర్చునేవారు. ఒక ఏడాది మమ్మల్నందర్నీ అక్కడ దింపేశారు. ఎండలో నడిపించి ఒక దిబ్బ చూపించారు. ఇటుకలు, గడ్డి, మేకలు. మా అత్తగారికి ఒళ్ళు మండింది. "ఈ దిబ్బ చూడ్డానికా టిక్కెట్టు కొన్నది? ఏముందండీ ఇక్కడ?"

"ఇప్పుడేం లేదు. ఉన్నవి కొన్ని మద్రాసు పోయాయి. కొన్ని రోడ్ల కింద పోయాయి," అన్నారాయన. అంటూ చెప్పులు విప్పారు.

"ఏమీ లేని చోట చెప్పులు విప్పడం ఎందుకు మావయ్యగారూ?" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

"ఉన్నప్పుడు ఎవరూ విప్పలేదుగా అమ్మాయ్."

నేను నవ్వేశాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట చాలాసేపు బుర్రలో తిరిగింది. అప్పటినుంచి ఆయన సంచి నేనే పట్టుకునేదాన్ని. సంచిలో ఏముండేవో చెప్పాలి, ఎందుకంటే ముందు జరిగిందంతా వాటివల్లే. పల్చటి తెల్ల కాగితాలు, కొబ్బరి పీచుతో ఆయనే కట్టుకున్న బ్రష్షు, ఆముదం దీపం మసిలో తుమ్మజిగురు కలిపి చేసిన సిరా, గుడ్డ ముద్ద. రాయిని శుభ్రంగా కడిగి, తడి కాగితం అతికించి, బ్రష్షుతో మెల్లగా తట్టుతూ పోవాలి. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. అప్పుడు గుడ్డ ముద్దతో పైపైన సిరా అద్దితే కాగితమంతా నల్లగా, అక్షరాలు మాత్రం తెల్లగా మిగులుతాయి. దీన్ని ఆయన అచ్చు తీయడం అనేవారు. ఆరిన కాగితం ఊడదీసి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నప్పుడు ఆయన మొహం చూడాలి. పురిటి గదిలోంచి బిడ్డని తెచ్చి చేతిలో పెట్టినట్టుండేది.

అమరావతి మ్యూజియంకి కూడా తీసుకెళ్ళారు. నేను పాలరాతి బొమ్మల నగలు చూస్తుంటే, ఆయన పైకప్పు చూస్తున్నారు. "ఏం చూస్తున్నారండీ?" అంటే, "వీటికి నీడ దొరికింది. బయట ఉన్నవాటికి దొరకదు. ఈ లోపల మనం వాటిని చదివెయ్యాలి," అన్నారు. ఇంకో మాట కూడా అక్కడే అన్నారు. చదవని శాసనం అంటే పోస్టులో ఆగిపోయిన ఉత్తరంట. ఎవరో రాశారు, ఎవరికీ చేరలేదు.

ఇక ఆ బండ సంగతి.

అరవై ఏడు మే నెల. ఆ ఏడు ఎలాగైనా ముందు సముద్రం, తరవాతే రాళ్ళు అని నేనూ మా అత్తగారూ ఒట్టు పెట్టించుకుని, బాపట్లలో గూడుబండి కట్టించుకుని సూర్యలంక దారి పట్టాం. సగం దూరం పోయాక చక్రం శీల ఊడింది. బండివాడు కొత్త శీల చెక్కేలోపల పక్కనున్న, పొలాల నీళ్ళు సముద్రంలోకి దింపే మురుగు కాలవ రేవులో కాళ్ళు కడుక్కుందామని దిగాం. ఊరి పేరు రాయను. చేపలు పట్టి, అమ్ముకుని బతికే వాళ్ళవి ఇరవై ముప్ఫై గుడిసెలు. రేవులో ఆడవాళ్ళు ఒక పొడుగాటి నల్లబండ మీద బట్టలు ఉతుకుతున్నారు. మామగారు మోకాళ్ళ లోతు నీళ్ళలో ఆగిపోయారు.

"అమ్మా, ఒక్క నిమిషం ఆ చీర తీస్తారా?"

చీర తీశారు. అక్షరాలు.

బండ సగం గట్టు మీద, సగం నీళ్ళలో ఉంది. పై భాగం ఉతికి ఉతికి నున్నబడినా అక్షరం తెలుస్తోంది. ఆయన అక్కడే కూర్చుని చదవడం మొదలుపెట్టారు. తొమ్మిది పంక్తులు. ఎవరో నూనె వర్తకుడి భార్యట. గుళ్ళో ఎప్పటికీ ఆరకుండా ఒక దీపం వెలగడానికి, నెయ్యి కోసం ఏభై గొర్రెలు ఇచ్చిందట. ఎవరి పుణ్యం కోసం ఇస్తున్నదో తరవాత చెప్పాలి. తొమ్మిదో పంక్తి చివర "తన" అని ఉంది. ఆ తరవాతి పంక్తులు నీళ్ళలో ఉన్నాయి. పోటు సమయం, సముద్రపు నీళ్ళు కాలవలోకి ఎక్కుతున్నాయి. ఆయన చెయ్యి నీళ్ళలోకి పెట్టి బురద తీసి తడిమారు. సున్నంలా గట్టిగా పేరుకున్న పెంకు కింద వేళ్ళకి గీతలు తగులుతున్నాయి.

"నాలుగున్నాయి. ఇంకో నాలుగు పంక్తులున్నాయి," అన్నారు.

మా అత్తగారు గట్టు మీంచి దిగి వచ్చింది. రాళ్ళంటే విసుక్కునే మనిషి, చీర తడుస్తున్నా చూసుకోకుండా ఆయన పక్కన నిలబడింది. "ఎవరి కోసం పెట్టిందటండీ దీపం?"

ఆవిడ ఎందుకలా అడిగిందో చెప్పాలి. రేపల్లె ఇంట్లో వంటింటి గూట్లో ఆవిడ రోజూ రెండు దీపాలు పెట్టేది. రెండోది ఎవరికని ఏడాది దాకా నేను అడగలేదు. అడిగితే మా ఆయన చెప్పారు. ఆయనకి ఒక అక్క ఉండేదట. ఏడేళ్ళప్పుడు జ్వరం వచ్చి పోయింది. ఇంట్లో ఎవరూ ఆ పిల్ల పేరెత్తరు. దీపం మాత్రం ఉంటుంది.

"ఇప్పుడు చదవడం కుదరదు. ఆ పెంకంతా తియ్యాలి, నీళ్ళు వెనక్కి తీసే పాటు చూసుకుని రావాలి. వచ్చే వారం సామాను తెచ్చుకుని వస్తాను," అన్నారు మామగారు.

"తెలుసుకుని నాకు చెప్పాలి," అంది అత్తగారు.

"చెబుతాను."

ఆయన ఆవిడకిచ్చిన మాట అది. మిగతా కథంతా ఆ మాట గురించే.

ఉతుకుతున్న వాళ్ళలో ఒక ముసలామె ఉంది. పెద్ద నోరు, చేతినిండా గాజులు, చుట్ట కంపు. "వచ్చే వారానికి ఇది ఉండదండి పంతులుగారూ. తూము కడతన్నారు. ఎల్లుండి కంట్రాక్టరు మనుషులొచ్చి పగలకొట్టి పట్టుకెళ్తారు," అంది. మామగారు బతిమాలారు. ఇది చాలా పాతదమ్మా, వందల ఏళ్ళ నాటిది, దీని మీద రాత ఉంది, పగలనివ్వకండి అన్నారు. వాళ్ళు నవ్వారు. పాతదైతే పగలకొట్టడమే కదా మంచిది అన్నారు. ఒక పిల్ల మళ్ళీ తడి చీర తెచ్చి అక్షరాల మీద దబ్బున వేసి బాదింది. మామగారి మొహం ఎలా అయిపోయిందో నేను చూశాను. అదిగో, అప్పుడు లేచింది నా నోరు.

"ఏంటి మీ ధైర్యం! దాని మీద రాసింది ఎవరి పేరనుకున్నారు? అమ్మవారి పేరు! కాళ్ళు పెడితే కళ్ళు పోతాయి!"

రేవు మొత్తం చప్పుడు ఆగిపోయింది. చీర బాదుతున్న పిల్ల దాన్ని తీసేసి లెంపలేసుకుంది. ముసలామె చుట్ట పారేసి, నీళ్ళతో నోరు పుక్కిలించి, బండకి దణ్ణం పెట్టింది. "తెలవక తొక్కాం తల్లీ," అంది.

బండి కదిలాక మామగారు రేవు కనుమరుగయ్యేదాకా వెనక్కే చూశారు. తరవాత "అబద్ధం చెప్పావు కదే అమ్మాయ్," అన్నారు.

"బండ దక్కిందా లేదా మావయ్యగారూ?"

ఆయన నవ్వారు. "దక్కింది. బతికించావు."

ఆ సాయంత్రం సముద్రం దగ్గర ఆయన పంచె ఎగ్గట్టి పిల్లాడిలా నీళ్ళలో పరిగెత్తారు. మాకందరికీ వేయించిన శనక్కాయలు కొనిపెట్టారు. ఆయన్ని అంత సంతోషంగా నేను తరవాత ఎప్పుడూ చూడలేదు.

ఎనిమిది రోజులకి సంచి సర్దుకుని మళ్ళీ వెళ్ళాం. రేవులో బండ లేదు. ముసలామె ఎదురొచ్చి "రండి రండి, అమ్మోరిని చూద్దురుగాని" అని గట్టు మీదికి తీసుకెళ్ళింది. అక్కడుంది బండ. నిటారుగా నిలబెట్టారు. పై నుంచి కింద దాకా పసుపు. కుంకం బొట్లు. వేపమండలు. నిలబెట్టాలంటే పాతాలి కదా. కింది భాగం రెండు అడుగులు భూమిలోకి పాతేశారు. నీళ్ళలో తడిమి లెక్కపెట్టిన ఆ నాలుగు పంక్తులూ మట్టిలోకి పోయాయి.

మామగారు సంచి విప్పారు. పైకి కనిపించే తొమ్మిది పంక్తులైనా అచ్చు తీసుకుంటానన్నారు. ఊరంతా చుట్టూ కూర్చుంది. ఆయన పసుపు కడిగారు, తడి కాగితం అతికించారు, బ్రష్షుతో తట్టారు, నల్ల సిరా అద్దారు. ఆడవాళ్ళు చేతులు జోడించి చూశారు. "అమ్మోరికి నీళ్ళు పోసి, తెల్లచీర కట్టి, జోకొట్టి, కాటుక పెట్టారు పంతులుగారు," అని ముసలామె పక్కవాళ్ళకి విడమర్చి చెబుతోంది. మేం విన్నాం. నవ్వుకున్నాం కూడా. కొబ్బరి పీచు బ్రష్షు వాళ్ళు అడిగితే ఆయన అక్కడే ఇచ్చేశారు, ఇంకోటి కట్టుకోవచ్చులే అని.

మరుసటేడు వెళ్తే వాళ్ళు జాతర చేస్తున్నారు. పిలవకపోయినా సరిగ్గా ఆ రోజుకే వచ్చారని మమ్మల్ని ముందు కూర్చోబెట్టారు. బండకి నీళ్ళు పోశారు. తడిపిన తెల్లగుడ్డ అతికించారు. ముసలామె ఆ బ్రష్షుతో గుడ్డని మెల్లగా తట్టింది, ఆయన తట్టినట్టే, మధ్యలోంచి అంచులకి. తరవాత కుండ నిండా కాటుక తెచ్చి గుడ్డ ముద్దతో అద్దారు. ఎవరు నేర్పారని పొరుగూరివాళ్ళు అడిగితే మా మామగారిని చూపించారు. ఆయన లేచి వెళ్ళి కాలవ గట్టున ఒక్కరే కూర్చున్నారు.

తవ్వనివ్వమని ఆయన ఏటా అడిగేవారు. ఒక్క పూట, మళ్ళీ నేనే పాతిస్తాను అనేవారు. "అమ్మోరి పాదాలు తవ్వుతారా అండి?" అనేవాళ్ళు. కోపంగా కాదు, జాలిగా. పంతులుగారికి పెద్దతనం వచ్చిందని. పురావస్తు శాఖకి అర్జీలు రాశారు. జవాబులు వచ్చాయి, పరిశీలిస్తామని. పరిశీలించడానికి ఎవరూ రాలేదు. ఆయనకి వచ్చిన కవర్లన్నీ ఒక దారానికి గుచ్చి గోడకి తగిలించేవారు.

డెబ్బైలో నేనే ఆగలేక వెళ్ళాను. మామగారికి చెప్పలేదు. ముసలామె గుడిసె ముందు చేపలు ఎండబెడుతోంది. పక్కన కూర్చున్నాను.

"మామ్మా, నీకో మాట చెప్పాలి. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. దాని మీద ఉన్నది అమ్మవారి పేరు కాదు. ఎవరో ఒకావిడ గుడికి దీపం ఇచ్చిన సంగతి ఉంది. బండ పగలకొడతారని భయపడి అలా అనేశాను. తప్పు నాది. మా మావయ్యగారిని ఒక్కసారి తవ్వనివ్వండి."

ఆమె చేపలు తిరగేస్తూ అంతా విన్నది. విని నవ్వింది.

"నువ్వు అబద్ధం చెబుదామనే అన్నావమ్మా. నీ నోట అమ్మోరు నిజం పలికించింది."

"కాదు మామ్మా..."

"కంట్రాక్టరు మనుషులు వచ్చారు. సమ్మెటలు ఎత్తారు. పసుపు చూసి దించేశారు. ఎవరు ఆపారంటావ్? నువ్వా?"

ఆమె ఒక ఎండుచేపల పొట్లం కట్టి నా సంచిలో పెట్టింది. మేం తినమని చెప్పలేకపోయాను. తిరిగొచ్చి మామగారికి చెప్పాను. "చెప్పి చూశావా? మంచిపని చేశావు," అన్నారు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారైనా, "నీ నోటి దురుసు వల్ల" అని ఉంటే నాకు తేలికగా ఉండేది. అనలేదు.

అత్తగారు డెబ్బై మూడులో మంచాన పడింది. నెల రోజులు. మాటలు తగ్గిపోయాయి. ఒక మధ్యాహ్నం నేను కాళ్ళు పడుతుంటే మామగారు మందు తెచ్చారు. ఆవిడ కళ్ళు తెరిచి "చదివారా?" అంది. ఏమిటని ఆయన అడగలేదు. "లేదు," అన్నారు.

"పోనీలెండి. నేనే అడుగుతాను ఆవిణ్ణి."

మర్నాటికి ఆవిడ లేదు. గూట్లో రెండు దీపాల బాధ్యత మామగారు తీసుకున్నారు. కొన్నాళ్ళకి మూడో దీపం పెట్టారు.

ఆ తరవాతి ఏడు ఆ ఊరివాళ్ళు బండ చుట్టూ సిమెంటు గట్టు కట్టించారు. చేపల మీద నాలుగు డబ్బులొచ్చిన సంవత్సరం అది. సిమెంటు గట్టు చూశాక కూడా మామగారు అడగడం మానలేదు. ఆయన ఆశ ఎలాంటిదంటే, ఒట్టిపోయిన గేదెని ఇంకోసారి పితికి చూద్దామనే రకం.

డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. మన జిల్లాలో దాని గురించి ఎవరికీ ఎవరూ చెప్పక్కర్లేదు. రేపల్లె ఇంటి పెంకులు లేచిపోయాయి. రెండు రోజులు వాన ఇంట్లోనే కురిసింది. ఆయన మంచం కిందున్న కర్రపెట్టెలో ముప్ఫై ఏళ్ళ అచ్చులు ఉన్నాయి. దారులు తెరుచుకున్నాక మేం తెనాలి నుంచి వెళ్ళేసరికి ఆయన పెట్టె ముందు కూర్చుని ఉన్నారు. లోపల నల్లటి ముద్ద. అట్లపిండి పులిసి పొంగినట్టుంది. బండ అచ్చు కూడా అందులోనే. చేత్తో కొంచెం తీసి చూసి, మళ్ళీ అందులోనే వేసేశారు. "సముద్రం ఎక్కడికీ పోదనేది మీ అత్తయ్య. మన దగ్గరికే వచ్చింది చూడు," అన్నారు.

పది రోజులకి బియ్యం మూట పట్టుకుని ఆ ఊరు వెళ్ళారు. నేనూ వెళ్ళాను. గుడిసెలు లేవు. ముసలామె లేదు. ఆమె కోడలికి ముగ్గురు పిల్లలుంటే ముగ్గురూ లేరు. కోడలు సిమెంటు గట్టు మీద కూర్చుని ఉంది. ఆ గట్టెక్కి బండని పట్టుకున్న తొమ్మిదిమంది బతికారట. తొమ్మిదో మనిషి తను. "పిల్లలు నా చేతిలోనే ఉన్నారండి. చెయ్యి చాలలేదండి," అంది. అదే మాట, మళ్ళీ మళ్ళీ అదే మాట. బండ పాదాల దగ్గర ఒక ప్రమిద పెట్టుకుంది. అగ్గిపెట్టె చెమ్మెక్కి వెలగడం లేదు. మామగారు తన జేబులోంచి అగ్గిపెట్టె తీసి ఇచ్చారు.

తిరిగొస్తూ బస్సులో అన్నారు. "ఇక అడగలేను అమ్మాయ్."

ఆ మాటతో ఆయన అయిపోయారు. తరవాత రెండేళ్ళు అన్నం తిన్నారు, పేపరు చదివారు, దీపాలు పెట్టారు. రాళ్ళ మాట మళ్ళీ ఎత్తలేదు. బాపట్ల వెళ్దామా అంటే "ఎందుకు?" అనేవారు.

కర్మలన్నీ అయ్యాక ఆయన బల్ల సర్దుతుంటే ఒక నోటుపుస్తకం దొరికింది. సొరుగు లోపల ఉండి తడవలేదు. అందులో ఆయన ముత్యాల్లాంటి రాతతో ఒకటి నుంచి తొమ్మిది దాకా పంక్తులు ఎక్కించి ఉన్నాయి. తొమ్మిదో పంక్తి చివర "తన". దాని కింద పది, పదకొండు, పన్నెండు, పదమూడు అని అంకెలు వేసి, స్కేలుతో గీతలు గీసి, ఖాళీగా వదిలేశారు. పన్నెండేళ్ళు ఖాళీగా ఉన్న గీతలు. ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

మొన్న ఆ పుస్తకం పట్టుకుని ఆ ఊరెళ్ళాను. ఎందుకంటే చెప్పలేను. చెప్పి రావాలనిపించింది, ఆయన పోయారని. మళ్ళీ గుడిసెలు లేచాయి. బండకి పై నుంచి కింద దాకా పచ్చ ఎనామిల్ పెయింటు వేశారు. వెండి కళ్ళు అతికించారు. అక్షరాల గుంటల్లో పెయింటు నిండి తొమ్మిది పంక్తులు కూడా ఇక లేవు. ముసలామె కోడలు నన్ను గుర్తుపట్టింది. పంతులుగారు పోయారని చెప్తే గట్టు మీద కూలబడి ఏడ్చింది. లేచి, "ఆయన పేరున చేద్దామండి," అంది.

నీళ్ళు తెచ్చింది. తెల్లగుడ్డ తడిపి బండకి అతికించింది. గూట్లోంచి బ్రష్షు తీసి నా చేతిలో పెట్టింది. మామగారి బ్రష్షు. పీచు అరిగిపోయి కర్ర దాకా వచ్చింది. "మీరు కొట్టండమ్మా, ఇంటివాళ్ళు," అంది. నేను తట్టాను. మధ్యలోంచి అంచులకి. ఆమె కాటుక అద్దింది. తరవాత ప్రమిద వెలిగించింది. సముద్రపు గాలికి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించింది.

"ఎవరికమ్మా దీపం?" అని అడిగాను. అడగకూడదు, తెలిసే అడిగాను.

ముగ్గురి పేర్లూ చెప్పింది. పెద్దదాని పేరు రెండుసార్లు చెప్పింది.

నా ఒళ్ళో నోటుపుస్తకం తెరిచి ఉంది. పెన్సిలు చేతిలో ఉంది. పదో గీత ఖాళీగా ఉంది. "కూతురి కోసం" అని రాసేస్తే ఎవరికి నష్టం? మా అత్తగారికి జవాబైనా దొరికేది. గీత మీద పెన్సిలు మొన ఆనించాను. రాయలేకపోయాను. ఆ బండ గురించి అబద్ధం ఒకసారి చెప్పాను. చాలు.

గుడ్డ ఆరింది. కోడలు మెల్లగా ఊడదీసి, అమ్మవారి ప్రసాదమని నా చేతికిచ్చింది. అలవాటు కొద్దీ, ఆయన పట్టుకునేవారే అలాగ, రెండు చేతులతో వెలుతురుకి ఎత్తి చూశాను. ఒకటే నలుపు. ఎక్కడా ఒక్క తెల్లగీత లేదు.